తువ్వాల కింద ధర

జహీరాబాద్‌లో హైవే పక్కన అల్లం షెడ్లు పది పదిహేను దాకా ఉన్నాయి. పేరుకే అన్ని. పొద్దున్నే సిద్దప్ప షెడ్డులో మొదటి బేరం తెగేదాకా మిగతా షెడ్లలో ఒక్కడూ కాంటా మీద బస్తా పెట్టడు. పెడితే ఏమవుతుందని అడిగే మొగోడు ఇంకా పుట్టలేదని సిద్దప్ప ధీమా. అరవై దాటిన మనిషి. నుదుటన మూడు వేళ్ల విభూతి, భుజాన తెల్ల తువ్వాల, నోట్లో ఎప్పుడూ ఎవరినో ఒకరిని తిట్టే మాట. అల్లం వ్యాపారుల సంఘానికి ఆయన అధ్యక్షుడేమీ కాదు. అసలు ఆ సంఘానికి అధ్యక్షుడంటూ లేడు. సిద్దప్ప ఉండగా ఇంకొకడు ఎందుకు?

తతంగం ఇలా నడిచేది. మొదట వచ్చిన రైతు చేతిని సిద్దప్ప తువ్వాల కింద పట్టుకుని వేళ్లు నొక్కేవాడు. ఎన్ని వేళ్లు, ఎన్ని కణుపులు అన్నదే ధర. రైతు మొహం మాడ్చుకునేవాడు, కాసేపు గింజుకునేవాడు, చివరికి తల ఊపేవాడు. ఆ వెంటనే పక్క షెడ్డు అమర్నాథ్ వచ్చి “శరణు కాకా” అంటూ అదే తువ్వాల కిందికి చెయ్యి చాపేవాడు. అతని వెనక ఇంకొకడు, వాడి వెనక మరొకడు. చాయ్ గ్లాసులు ఖాళీ అయ్యేలోగా ఆ ధర షెడ్లన్నిటికీ చేరిపోయేది. కాగితం లేదు, ఫోను లేదు, నోటి మాట లేదు. రైతు ట్రాక్టరేసుకుని ఈ కొస నుంచి ఆ కొసకి తిరిగినా ఒక్కటే ధర వినేవాడు. ఊరికే డీజిలు కాల్చుకుని మళ్లీ సిద్దప్ప గుమ్మంలోకే వచ్చేవాడు.

మొండికేసి ఆగొచ్చు కదా అంటారేమో. అల్లం సంగతి తెలియక అడిగే మాట అది. భూమిలో ఉన్నన్నాళ్లు అల్లం ఎవరికీ భయపడదు, నెలల తరబడి ఆగుతుంది. తవ్వి, కడిగి, బస్తాకెత్తాక మాత్రం నాలుగు రోజులే దాని ఆయుష్షు. ఆ తర్వాత వేడెక్కి, మెత్తబడి, బూజు పడుతుంది. కడిగిన అల్లం మళ్లీ మట్టిలోకి పోదు కదా. ఆ నాలుగు రోజుల మీదే సిద్దప్ప రెండంతస్తుల ఇల్లు కట్టాడు.

ఇదంతా పాపమని ఆయన ఏనాడూ అనుకోలేదు. పైగా పుణ్యమనుకునేవాడు. వాళ్ల నాయన కాలంలో వ్యాపారులు ధర పెంచుకుంటూ పోయి ఒకరి గొంతు ఒకరు కోసుకునేవాళ్లట. తాను వచ్చి అందరినీ ఒక్క తాటి మీదికి తెచ్చాడు. ‘ఐకమత్యమే మహాబలం’ అని షెడ్డు గోడ మీద నీలిరంగుతో పెద్దక్షరాలు రాయించాడు కూడా. అబ్బో, ఆ రాత చూసుకుని ఎంత మురిసేవాడో!

ఆ ఏడు రాయికోడ్ దిక్కు నుంచి నర్సింలు అనే రైతు ఈ కట్టు దాటాడు. తన పంటతో పాటు ఊళ్లో మరో నలుగురి పంట కూడా సిద్దప్ప ధర కంటే ఎక్కువిస్తానని మాటిచ్చి కూడేశాడు. నేరుగా హైదరాబాద్ పంపుకుంటానని లారీ మాట్లాడుకున్నాడు. మాలు కడిగించి, బస్తాలకెత్తించి, హైవే పక్కన పేర్చాడు. ఇంకేం, సిద్దప్పకు తెలిసిపోయింది.

సిద్దప్ప కేకలేమీ వేయలేదు. హమాలీ మేస్త్రీని పిలిచి ఆ బస్తాల వైపు గడ్డం ఎగరేశాడంతే. హమాలీలు నడుం పట్టేసిందన్నారు. ఎక్కించుకోవడానికి వచ్చిన లారీ డ్రైవరు, తెల్లారి నుంచి ఈ బజారులో లోడు దొరకదన్న మాట చెవిన పడగానే బండి తిప్పుకుపోయాడు. నర్సింలు న్యాల్‌కల్ దాకా పోయి ఇంకో బండి మాట్లాడాడు. అదీ రాలేదు. ఆ రోజుల్లోనే మబ్బు పట్టి ఉక్క పోసింది. బస్తాల్లోంచి కంపు లేచింది.

నర్సింలు ఇంట్లో మంచం పట్టాడు. అతని భార్య నారమ్మ పట్టలేదు. నెత్తి మీద గంపతో నడిబజారులోంచి నడుచుకుంటూ వచ్చి, సిద్దప్ప కాంటా మీద గంప బోర్లించింది. నల్లబడి, నీళ్లు కారుతున్న అల్లం.

“తూకమెయ్యి సావుకారి. నువ్వు సంపిన మాలే ఇది.”

షెడ్డులో ఉన్న రైతులు, హమాలీలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. సిద్దప్ప తువ్వాల ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

“నేనేం జేసిన నారమ్మా? నీ పెనిమిటి యాపారం జేస్తనన్నడు, జేసిండు. యాపారమన్నంక నష్టం గూడ ఉంటది. అడ్డమైనోళ్లంత సేట్లయితరా?”

“హమాలీలను ఎవలాపిన్రు? లారోన్ని ఎవలు బెదిరిచ్చిన్రు? నీ నోట్ల మన్నువడ, మా ఊరోళ్ల పంట గూడ ఉన్నది గండ్ల. వాళ్లకేం మొకం జూపియ్యాలె మేము?”

“ఆపితె ఆపిన. ఏం జేస్తవిప్పుడు? ఈ బజార్ల ఉండాలంటె బజారు మాట ఇనాలె.”

“బజారంటె ఎవలు, నువ్వా?”

“నేనే. అనుమానమున్నదా?”

నారమ్మ ఖాళీ గంప తీసి చంకన పెట్టుకుంది. “లేదు సావుకారి, జర గూడ లేదు. గీ మాటనే నీ నోటితోని ఇందామని వచ్చిన” అని వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. సిద్దప్ప నవ్వి, కాంటా కడిగించి, మరుసటి బేరానికి చెయ్యి చాపాడు.

నారమ్మ చెల్లెలి కూతురు ప్రియాంక హైదరాబాద్‌లో లా చదువుతోంది. ఫిర్యాదు ఎక్కడ పెట్టాలో, ఎలా పెట్టాలో ఆ పిల్ల చెప్పింది. కొన్ని నెలలకు ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషన్ వాళ్లు విచారణకు దిగారని షెడ్లన్నిటికీ నోటీసులు వచ్చాయి. సిద్దప్పకు ముందు నవ్వొచ్చింది. “ఢిల్లోనికి జహీరాబాద్ అల్లంతోటి ఏం పని? వానింట్ల చాయ్‌లకు తక్కువైందా?” అన్నాడు. అమర్నాథ్ మాత్రం నవ్వలేదు. హైదరాబాద్ పోయి శోభారాణి అనే వకీలమ్మను వెంటబెట్టుకొచ్చాడు.

ఆవిడ షెడ్డులో కూర్చుని అంతా విని, గోడ మీది నీలిరంగు అక్షరాలు ఒకసారి చదివి, నిట్టూర్చింది.

“కలిసుండుడు తప్పా అమ్మా?” అని సిద్దప్ప దబాయించాడు. “బడిల పంతులు కలిసుండుమన్నడు, గుడిల అయ్యగారు కలిసుండుమన్నడు. ఇప్పుడు సర్కారొచ్చి కొట్లాడుకోండ్రి అంటదా?”

“మీ స్నేహంతో చట్టానికి పేచీ లేదు సిద్దప్ప గారూ. కలిసి చాయ్ తాగండి, వియ్యమందుకోండి, రోడ్డు వేయమని కలిసిపోయి కలెక్టర్‌ని అడగండి. ధర మాత్రం కలిసి కట్టకూడదు. రైతు పది షెడ్లు తిరిగితే పది ధరలు వినాలి. పది చోట్లా ఒక్కటే వింటే అవి పది షెడ్లు కావు, పది తలుపులున్న ఒక్క షెడ్డు.”

“నేను రూపాయి ఎక్కువిస్తె పక్కోడు రెండిస్తడు. ఇద్దరం మునుగుతం. గప్పుడు మంచిగుంటదా?”

“రైతుకు బాగుంటుంది. తెలివిగా, తక్కువ ఖర్చుతో వ్యాపారం చేసేవాడికీ బాగుంటుంది. ఈ రెండూ లేకుండా బతకడానికి అలవాటు పడ్డవాడికే కష్టం.” ఆవిడ గొంతు పెంచలేదు గానీ మాట సూటిగా తగిలింది. “అమెరికాలో దీన్ని యాంటీట్రస్ట్ చట్టం అంటారు. వెనకటికి అక్కడ పెద్ద పెద్ద కంపెనీలు పోటీ మానేసి, పెత్తనమంతా ఒక్క చోట అప్పజెప్పి, దేశమంతటికీ ధర ఆడించేవి. ఆ ఏర్పాటును ట్రస్టు అనేవాళ్లు. దాన్ని విరగ్గొట్టడానికి పుట్టిందా చట్టం. మన దగ్గర పోటీ చట్టమని ఉంది. వాళ్లది కిరసనాయిలు, మీది అల్లం, అంతే తేడా. నర్సింలును బజారులో నిలవనీయకుండా చేశారు చూడండి, అదింకా పెద్ద తప్పు.”

అమెరికా కంపెనీల సరసన తన షెడ్డు పేరు చేరినందుకు సిద్దప్పకు లోపల్లోపల కొంచెం గర్వమే కలిగింది. ఎవరికైనా చెబితే నవ్విపోతారని ఊరుకున్నాడు.

జరిమానా ఏడాది లాభానికి మూడింతల దాకా, అదీ ఎన్నేళ్లు కుమ్మక్కయితే అన్నేళ్లకూ పడొచ్చని వకీలమ్మ చెప్పేసరికి అందరూ చేతిలోని చాయ్ గ్లాసులు కింద పెట్టేశారు. పోయే ముందు ఇంకో మాట కూడా చెప్పింది. “నన్నడిగితే నిజం చెప్పేయండి. మీలో ఎవరు ముందుగా దరఖాస్తు పెట్టుకుని గుట్టంతా విప్పుతారో వాళ్లకు జరిమానా మొత్తం కూడా మాఫీ కావచ్చు. తర్వాత వచ్చినవాళ్లకు తగ్గుతూ పోతుంది.”

ఆవిడ కారు కదలగానే షెడ్డులో ఒకడి మొహం ఒకడు చూడటం మొదలుపెట్టారు. నిన్నటిదాకా ఒకే తువ్వాల కింద చేతులు పెట్టినవాళ్లు! సిద్దప్పకు ఒళ్లు మండింది. ఒక్కొక్కణ్ణి పిలిచి కాంటా మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించాడు. అల్లం బజారులో కాంటా మీది ఒట్టంటే తల్లి మీది ఒట్టు కంటే ఎక్కువ.

అప్పుడు అమర్నాథ్ గొంతు సవరించుకున్నాడు. “కాకా, ఒట్టొక్కటే సాలదు. కాగితం లేదు, సాక్ష్యం లేదు. ధర ఎవలు కట్టిన్రంటె ఎవలూ కట్టలే అనాలె. దానికి అందరం ఒకటే మాట మీదుండాలె. సిద్దప్ప కాకకు ఏం తెల్వదు, ఊకె కూసునే ముసలాయన అని మేమంటం. నువ్వు గూడ గదే అను. నువ్వు ఏం గానోనివైతె కేసే లేదు.”

సిద్దప్ప లోపల లెక్క వేసుకున్నాడు. లెక్క సరైనదే. పెద్ద లేకపోతే కట్టు లేదు, కట్టు లేకపోతే నేరం లేదు. షెడ్డు దక్కుతుంది, ఇల్లు దక్కుతుంది. చివరికి “సరే, అనుండ్రి” అన్నాడు.

విచారణ నాడు పొద్దున విభూతి పెట్టుకుంటుంటే భార్య గిరిజమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది.

“ఒక్క గంట. ఒక్క గంట ఏం గానోని లెక్క కూసుండి రా. కూసుంటవా?”

“ఏం, నాకు రాదా?”

“పెండ్లయినకాడికెల్లి సూస్తున్న. ఇంకా రాలే” అంది గిరిజమ్మ.

గెస్ట్‌హౌస్ గదిలో విచారణ. ఒక్కొక్కరినీ విడివిడిగా లోపలికి పిలుస్తున్నారు. కమిషన్ నుంచి వచ్చిన వినయ్ అనే అధికారి కుర్రాడిలా ఉన్నాడు, మాట మెత్తన. సిద్దప్పను కూర్చోబెట్టి, నిజమే చెబుతానని ప్రమాణం చేయించి, మంచినీళ్లిచ్చాడు. మొదట్లో అంతా బాగానే సాగింది. ధర ఎవరు నిర్ణయిస్తారంటే “నాకెర్క లేదు సారూ” అన్నాడు. సంఘానికి పెద్దెవరంటే “ఎవలూ లేరు” అన్నాడు. నర్సింలు లారీ ఎవరు ఆపారంటే “గా సంగతి నేనియ్యాలనే ఇంటున్న” అన్నాడు. వట్టి అబద్ధం, తొణకకుండా బెణకకుండా చెప్పాడు. తనకే ఆశ్చర్యం వేసింది. ఓస్, ఇంతేనా అనుకున్నాడు.

“మీ వాళ్లూ అదే చెప్పారు” అంటూ వినయ్ ముందున్న కాగితాలు తిప్పాడు. “ఒక్కసారి చదువుతాను, సరిగ్గా ఉందో లేదో చెప్పండి. ‘సిద్దప్పకు చూపు ఆనదు. కాంటా మీద అంకె కూడా మేమే చదివి చెబుతాము.’ నిజమేనా?”

“నిజమే.”

“‘ఆయన షెడ్డుకు రైతులు జాలిపడి పోతారు. ఆయన మాట ఇంట్లోవాళ్లే వినరు.’”

“నిజమే” అన్నాడు సిద్దప్ప. మంచినీళ్లు తాగాడు.

“ఇది అమర్నాథ్ గారు చెప్పింది. ‘పొద్దున్నే ఆయన తువ్వాల పట్టుకుని కూర్చుంటాడు. మేము ఏ ధరకు కొంటున్నామో తెలుసుకుని ఆయనా అదే ధర అంటాడు. పెద్దవాడు, బాధపడతాడని మేమే పోయి తువ్వాల కింద చెయ్యి పెడతాము. చిన్నపిల్లలతో ఆడినట్టు. బయటికి వచ్చాక నవ్వుకుంటాము.’ నిజమేనా సిద్దప్ప గారూ?”

అనమన్నది తనే. ఒప్పుకున్నదీ తనే. కానీ ఇంతమంది, ఇన్ని రకాలుగా, ఇంత వివరంగా! ముసలాయన అంటే సరిపోయేది కదా? జాలిపడి వస్తారనీ, నవ్వుకుంటామనీ ఎవడు చెప్పమన్నాడు? కేసు కోసం అల్లారా, ఎన్నాళ్లుగానో కడుపులో పెట్టుకున్నది కక్కారా? పొద్దున్నే ‘శరణు కాకా’ అంటూ వంగే ఆ నడుములు గుర్తొచ్చాయి. వంగి నవ్వుకున్నారా దొంగనాకొడుకులు? సిద్దప్పకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఏది, చెయ్యి తే సారూ!”

వినయ్ తేరుకునేలోగా సిద్దప్ప అతని చెయ్యి లాక్కుని తువ్వాల కప్పాడు. వేళ్లు గట్టిగా నొక్కాడు.

“ఇది నిన్నటి ధర. పోయి షెడ్లన్ని తిరిగి అడుగు. ఒక్క కణుపు తేడా వచ్చిందా, నా పేరు సిద్దప్ప గాదు. అమర్నాథ్ చెప్పిండా? వానికి అల్లం మొకమే తెల్వదు, నా షెడ్డుల బస్తాలు గుట్టుకుంట ఎదిగిండు వాడు! వానికి ధర చెప్పింది నేను, వాని షెడ్డు ఏడ వెట్టాల్నో చెప్పింది నేను. ఇరవై ఏండ్ల సంది ఈ బజార్ల నేను నొక్కిన ధరనే ధర!”

“మరి నర్సింలు లారీ?” అన్నాడు వినయ్, చెయ్యి విడిపించుకోకుండానే.

“నేనే ఆపిన. నేను గాక ఎవడాపుతడు? గా అమర్నాథ్‌గాడు ఆపుమంటె సైకిలైనా ఆగుతదా?”

అంతా టైపు చేసి, చదివి వినిపించి, సంతకం పెట్టమన్నారు. సిద్దప్ప ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాసి, కింద గీత కూడా గీశాడు.

బయట వరండాలో అమర్నాథ్, మిగతావాళ్లు నిలబడి ఉన్నారు. ఆయన మొహం చూసి అమర్నాథ్‌కు అర్థమైపోయింది.

“ఏమన్నవు కాకా? ఏం జేసొచ్చినవు?”

“మీరేమన్నరో ఇన్న.”

“నువ్వు అనుమంటెనే గద మేమన్నది!”

“అనుమన్న” అన్నాడు సిద్దప్ప. “గంత మంచిగ అనుమన్ననా?”

అమర్నాథ్ ఆయన మీద ఉమ్మలేదంతే, అంత పనీ చేశాడు. “థూ! ముసలితనానికి పేరు పిచ్చి. మా అందరి కొంపలు ముంచినవ్. పెద్దోడని నీ ఎనక తిరిగినం సూడు, మమ్ములననాలె ముందు.” ఆ సాయంత్రమే అతని కారు హైదరాబాద్ దారి పట్టింది. మాఫీ దరఖాస్తు అందరికంటే ముందు పెట్టాలి కదా, కాంటా మీది ఒట్టుదేముంది? నిజానికి నిజం ముందు చెప్పినవాడు సిద్దప్పే. కానీ ఆయన మాఫీ అడగలేదు. అడగాలని తట్టనేలేదు.

ఇంట్లో గిరిజమ్మ అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని అంతా విన్నది.

“నిజమే జెప్పిన గద?” అన్నాడు సిద్దప్ప, కాస్త మెచ్చుకుంటుందేమోనని.

“నిజం జెప్పినవా? నిజం జెప్పాలనుంటె నారమ్మ మాలు కుళ్లకముందె జెప్పకపోయినవా. నీ పేరు జెప్పుకున్నవంతే” అంది. మజ్జిగ పోసి లోపలికి పోయింది.

కమిషన్ ఆర్డరు రావడానికి చాలా కాలమే పట్టింది. ఇక మీదట ఎవరి ధర వాళ్లే చెప్పాలి, ఎవరి లారీ ఎవరూ ఆపకూడదు అన్నారు. జరిమానాల్లో పెద్దది సిద్దప్పకే పడింది. అమర్నాథ్‌కు దాదాపు మొత్తం మాఫీ అయింది. సిద్దప్ప అప్పీలుకు పోయాడు, మేడ మీది వాటా అద్దెకిచ్చాడు. షెడ్డు మాత్రం మూయలేదు. మూస్తే పొద్దున్నే ఎక్కడికి పోతాడు?

ఆ తర్వాతి పంట కాలంలో బజారు తీరే మారిపోయింది. ఎవడి కాంటా వాడు ఇష్టమొచ్చినప్పుడు ఎత్తుతున్నాడు. కొందరు ధర పలకల మీద రాసి బయట పెడుతున్నారు, పక్కవాడిది చూసి తుడిచి మళ్లీ రాస్తున్నారు. రైతులు సగం మాలే తవ్వి, ధర కనుక్కుని, మిగతాది భూమిలో ఉంచడం నేర్చారు. కొత్త లారీలు కొన్ని సోలాపూర్ దాకా పోతున్నాయి.

ఒక పొద్దున సిద్దప్ప షెడ్డు ముందు ట్రాక్టరు ఆగింది. మొదటి బేరం ఇంకా కాలేదు, ఎండ అప్పుడే గుమ్మందాకా వచ్చేసింది. ట్రాలీలో బస్తాల మీద నారమ్మ కూర్చుని ఉంది. దిగలేదు.

“ఎంతకు తీస్కుంటవ్ సావుకారి?”

సిద్దప్ప అలవాటుగా తువ్వాల పట్టుకుని చెయ్యి చాపాడు. ఆమె చెయ్యి కదపలేదు. “నోటితోని చెప్పు” అంది.

బతుకులో మొదటిసారి ఆయన బజారులో ధర పైకి చెప్పాడు. గొంతు తనకే కొత్తగా వినిపించింది. హమాలీలు ఇటు తిరిగి చూశారు.

“గంతేనా? అటు మొదటి షెడ్డోడు ఇంకా ఎక్కువిస్తనన్నడు.”

“నేను గూడ గంతిస్త. వానికంటె రూపాయి ఎక్కువనే ఇస్త.”

“మంచిది. అమర్నాథ్ సేటు ఏమంటడో గూడ ఇని వస్త.” ఆమె మాటలో కోపం కూడా లేదు. కూరగాయల సంతలో వంకాయలు చూసి ముందుకు పోయే మనిషి ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ కోపం లేకపోవడమే సిద్దప్పకు తట్టుకోలేనిదైంది. తిట్టినా బాగుండునే!

“ఆగు నారమ్మా, ఆగు” అంటూ రోడ్డు దాకా వచ్చాడు. “నువ్వే చెప్పు, ఎంతియ్యమంటవో. నీ మాటనే మాట.”

“చెప్తలే, జర అందరిది ఇననియ్యి.”

ట్రాక్టరు కదిలి పక్క షెడ్డు ముందు ఆగింది. అమర్నాథ్ బయటికి వచ్చి ఆమెతో ఏదో అంటున్నాడు. హైవే మీద లారీల మోతలో ఒక్క ముక్క అర్థం కావడం లేదు. సిద్దప్ప హమాలీలను నోరు మూసుకోమని కసిరి, కొంగలా మెడ చాచి, అక్కడ ఎంత ధర పలుకుతున్నారో వినడానికి చెవి అటు పెట్టి నిలబడ్డాడు.